గొంతులో మొదలై గుండెలో మిగిలే జబ్బు: లండన్ బస్తీల నుంచి మన హాస్టల్ మంచం దాకా

పోస్టు పొడుగుంటది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చివరిదాకా చదవండి. ఇది మన హాస్టల్ గదుల గురించి, మన గుండెల గురించి.

మా పెద్దక్క సంగతితో మొదలుపెడత. అక్క ఏడో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్‌లో ఉండి చదువుకునేది. ఒక చలికాలం గొంతు నొప్పి, జ్వరం వచ్చినయి. నాలుగు రోజుల్లో తగ్గింది. ఇంకో ఇరవై రోజులకు మోకాలు వాచింది. అది తగ్గుతుండంగనే చీలమండ వాచింది, ఆ తర్వాత మోచెయ్యి. హాస్టల్ నుంచి ఇంటికి పంపిండ్రు. మా నాయనమ్మ వాతం కమ్మిందని ఆకు పసరు పోసి కట్టు కట్టింది. నెల రోజుల్లో వాపులన్నీ పోయినయి. పసరు పనిచేసిందని ఇంటిల్లిపాది సంబురపడ్డం. అక్క మళ్లీ బడికి పోయింది.

పదేండ్లు గడిచినయి. పెండ్లయింది, అక్కకు ఆరో నెల. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. రాత్రి పండుకుంటే దమ్ము ఆడదు, లేచి కూసుంటది. ఒకరు రక్తం తక్కువుందన్నరు. ఒకరు ఆస్తమా అన్నరు. కఫంలో రక్తం జీర కనబడితే ఇంకొకరు టీబీ అన్నరు. చివరికి జమ్మికుంట స్టేషన్‌లో రైలెక్కి వరంగల్ తీసుకపోయినం. అక్కడ ఒక డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. విని అడిగిన మొదటి మాట: "బిడ్డా, చిన్నప్పుడు నీకు కీళ్లు వాచినయా?"

గుండె ఆయాసంతో పోయిన మనిషిని మోకాళ్ల గురించి ఎందుకు అడిగింది? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. వెతికితే దాని వెనక రెండు వందల ఏండ్ల చరిత్ర కనబడింది. అది మనకు తెలవాలె అని రాస్తున్న.

కీళ్లకు, గుండెకు సంబంధం ఎట్ల దొరికింది

కీళ్ల వాపుతో వచ్చే జ్వరాన్ని డాక్టర్లు రుమాటిక్ జ్వరం అంటరు. మన పుస్తకాల్లో కీళ్లవాత జ్వరం అని ఉంటది. ఎన్నో వందల ఏండ్లు ఇది కీళ్ల జబ్బు మాత్రమే అనుకున్నరు. 1788లో లండన్‌లో డేవిడ్ పిట్‌కెయిర్న్ అనే డాక్టర్, ఈ జ్వరం వచ్చిపోయినోళ్లలో గుండె జబ్బు ఎక్కువ కనబడుతుందని గమనించిండు. 1812లో విలియం చార్లెస్ వెల్స్ ఇట్లాంటి రోగుల వివరాలు పోగుచేసి అచ్చువేసిండు. వాళ్లలో చాలామంది పిల్లలు, యువకులు.

అప్పటికి గుండె చప్పుడు వినాలంటే ఛాతీకి చెవి ఆనించుడే. 1816లో ప్యారిస్‌లో రెనే లెన్నెక్ స్టెతస్కోపు తయారుచేసిండు. అది చేతికొచ్చినంక గుండె లోపలి వాల్వుల చప్పుడులో తేడా స్పష్టంగా వినబడ్డది. 1836లో ఫ్రాన్స్‌కే చెందిన జాన్ బాప్టిస్ట్ బుయో, కీళ్లవాత జ్వరంలో గుండె దెబ్బతినుడు ఎప్పుడో ఒకసారి జరిగే సంగతి కాదు, అదే దాని అసలు స్వభావం అని చెప్పిండు. కీళ్ల వాపు ఏ గుర్తూ లేకుండ పోతది. గుండె వాపు మాత్రం మచ్చ పెట్టి పోతది. మా అక్క మోకాలు మంచిగైన రోజున మేం పండుగ చేసుకున్నం గదా, ఆ రోజు కూడా గుండెలో మచ్చ అట్లనే ఉంది.

గొంతు సంగతి తేలడానికి ఇంకో వంద ఏండ్లు పట్టింది. గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఈ జ్వరం వస్తుందని డాక్టర్లు చూస్తనే ఉన్నరు. కానీ రోగి రక్తంలో వెతికితే ఏ క్రిమీ దొరకదు, కీళ్లలో నీళ్లు తీసి చూసినా దొరకదు. 1931లో న్యూయార్క్‌లో ఆల్విన్ కోబర్న్ అనే డాక్టర్, ఈ జ్వరానికి ముందు గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వస్తుందని ఒక పుస్తకమే రాసిండు. 1933లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఆ క్రిముల్లోని రకాలను విడదీసింది. మనుషుల గొంతుకు వచ్చేది ఎక్కువగా "ఏ" గ్రూపు అని తేలింది.

మరి క్రిమి గొంతులో ఉంటే గుండె ఎందుకు వాస్తది? క్రిమి గుండె దాకా పోదు. మన ఒంట్లోని రక్షణ శక్తి క్రిమి పైపొరను గుర్తుపట్టి దాని మీద దాడి చేస్తది. ఆ పైపొరలోని కొన్ని ముక్కలు, మన గుండె కండలో, వాల్వులో ఉండే ముక్కలు చూడడానికి ఒకే తీరు ఉంటయి. రక్షణ శక్తి తికమకపడి సొంత గుండెను కూడా కొడ్తది. అందుకే గొంతు నొప్పి తగ్గినంక, క్రిమి పోయినంక, రెండు మూడు వారాలకు గుండె వాపు మొదలైతది. మళ్లీ గొంతు నొప్పి వస్తే మళ్లీ దాడి. ఒక్కో దాడికి వాల్వు ఇంకింత మందమై, అతుక్కపోయి, ముడుచుకపోతది. మొదటి దాడి ఎక్కువగా అయిదు నుంచి పదిహేను ఏండ్ల వయసులో వస్తది. ఆయాసం బయటపడేది ఇరవైలలో, ముప్పైలలో. అంటే చదువు అయిపోయి, పెండ్లయి, ఇంటి బరువు మీద పడే వయసులో.

"వేడి దేశాల్లో ఈ జబ్బు ఉండదు"

ఇప్పుడు మన దేశం సంగతికి వద్దాం. బ్రిటిష్ కాలంలో ఇక్కడ పనిచేసిన తెల్ల డాక్టర్లు చాలామంది, కీళ్లవాత జ్వరం చలి దేశాల జబ్బు, వేడి దేశాల్లో అరుదు అని నమ్మిండ్రు. లండన్ చలికి, తేమకు వచ్చే జబ్బు ఇక్కడి ఎండలో ఎందుకు వస్తది అనుకున్నరు. లేదనుకున్నదాన్ని ఎవరు వెతుకుతరు? పిల్లల కీళ్లు వాచినా ఆ పేరుతో రాసుకోలేదు.

ఈ నమ్మకాన్ని తప్పు అని చూపించినోళ్లలో మన తెలుగోళ్లు ఉన్నరు. 1941లో డాక్టర్ పి. కుటుంబయ్య, పిల్లల్లో, ఎదిగే వయసులో వచ్చే కీళ్లవాతం గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్‌లో పెద్ద వ్యాసం రాసిండు. ఆ తర్వాత ఢిల్లీలో డాక్టర్ ఎస్. పద్మావతి లాంటోళ్లు ఈ జబ్బు మీద ఏండ్ల తరబడి పనిచేసిండ్రు.

ఇంకో ముఖ్యమైన సంవత్సరం 1963. అప్పటిదాకా పాశ్చాత్య పుస్తకాల్లో ఉన్న లెక్క ఏందంటే, చిన్నప్పుడు జ్వరం వస్తే వాల్వు ముడుచుకపోయి గుండె ఇబ్బంది పెట్టడానికి ఇరవై ఏండ్లయినా పడ్తదని. ఢిల్లీ ఎయిమ్స్‌లో సుజయ్ రాయ్, మరికొందరు కలిసి 1963లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాసిండ్రు. మన దేశంలో ఇరవై ఏండ్లు నిండకముందే వాల్వు గట్టిగ ముడుచుకపోయిన పిల్లలు ఉన్నరని చూపించిండ్రు. ఆ వ్యాసం రాసినోళ్లలో ఒకరు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఎయిమ్స్ డైరెక్టర్ అయిండు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయిండు. పేద ఊర్లల్లో గాయిటర్ గురించి చేసిన పనికే ఆయన పేరు ఎక్కువ చెప్తరు. ఈ పని కూడా చెప్పాలె.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. పుస్తకంలో ఇరవై ఏండ్లు పడ్తదని రాసి ఉంటే, పదహారేండ్ల పిల్ల ఆయాసపడ్తుంటే డాక్టర్‌కు గుండె గుర్తుకురాదు. మన పిల్లలను మన దగ్గరే చూసి రాసిన లెక్క ఉంటేనే సరైన ప్రశ్న పుడ్తది. తండాలో, గూడెంలో పిల్లలను ఎవరూ వినకపోతే అక్కడ ఈ జబ్బు లేనట్టే కాగితం మీద ఉంటది. లెక్కలో లేనిది లేనట్టు కాదు.

బ్యారక్‌లో తేలిన నిజం

ఈ కథలో హాస్టల్ పిల్లలమైన మనకు అన్నిటికంటే దగ్గరిది అమెరికాలోని ఒక సైనిక శిబిరం. వయోమింగ్ రాష్ట్రంలో ఫ్రాన్సిస్ ఇ. వారెన్ అనే వైమానిక స్థావరం ఉంది. కొత్తగా సైన్యంలో చేరిన ఇరవై ఏండ్ల అటుఇటు పిల్లలు అక్కడ పెద్ద పెద్ద బ్యారక్‌లలో వరుసగ మంచాలు వేసుకుని ఉండేది. దేశం నలుమూలల నుంచి వచ్చినోళ్లు ఒక్క కప్పు కింద పడుకుంటే గొంతు నొప్పులు ఒకరి నుంచి ఒకరికి పాకినయి. వాటి వెనకనే కీళ్లవాత జ్వరం. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో శత్రువు గుండు తగలకుండనే వేలమంది అమెరికా సైనికులు ఈ జ్వరంతో ఆస్పత్రి పాలయిండ్రు.

యుద్ధం అయినంక చార్ల్స్ రామెల్‌క్యాంప్ అనే డాక్టర్ తన బృందంతో అక్కడ ప్రయోగశాల పెట్టిండు. గొంతు నొప్పితో వచ్చిన సైనికుల్లో కొందరికి పెన్సిలిన్ సూది ఇచ్చిండ్రు, కొందరికి ఇవ్వలేదు. ఫలితాలు 1950లో అచ్చయినయి. పెన్సిలిన్ తీసుకున్న 798 మందిలో కీళ్లవాత జ్వరం వచ్చింది ఇద్దరికి. తీసుకోని 804 మందిలో వచ్చింది 17 మందికి. గొంతు దగ్గరే ఆపితే గుండెను కాపాడొచ్చని అట్ల రుజువైంది. ఈ పనికి 1954లో వాళ్లకు లాస్కర్ అవార్డు వచ్చింది. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపల మందు మొదలుపెట్టినా జ్వరాన్ని ఆపొచ్చని కూడా అక్కడి పనివల్లనే తెలిసింది.

వాళ్లు ఇంకొకటి కూడా చూసిండ్రు. అది మన హాస్టళ్ల గోడ మీద రాసి పెట్టాల్సిన ముచ్చట. క్రిమి ఎట్ల పాకుతుందని వెతికిండ్రు. క్రిమి అంటిన దుప్పట్లు వేరేవాళ్లకు ఇచ్చి చూసిండ్రు, దుమ్ముతో చూసిండ్రు. వాటివల్ల జబ్బు రాలేదు. మరి దేనివల్ల వచ్చింది? మంచానికి మంచానికి మధ్య దూరం వల్ల. క్రిమి ఉన్న మనిషి మంచానికి ఎంత దగ్గర పడుకుంటే అంత ఎక్కువ అంటుకుంది. దూరం పెరిగినకొద్దీ తగ్గింది.

చదువుతుంటే నాకు మన హాస్టల్ గది యాదికొచ్చింది. చలికాలం కిటికీలు మూసి, ఒకరి చాపకు ఒకరి చాప ఆనించి పడుకునుడు. ఒకడు దగ్గితే వారం తిరిగేలోపు గదంతా దగ్గుడు. అది మన ఖర్మ అనుకున్నం. అది కొలిచి చూసిన లెక్క.

మందు కంటే ముందు ఇల్లు

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఇంగ్లాండ్‌లో, అమెరికాలో ఈ జబ్బు పెన్సిలిన్ రాకముందే తగ్గుడు మొదలైంది. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ 1928లో కనుక్కున్నా, జనం చేతికి వచ్చింది 1940లలోనే. జబ్బు తగ్గుడు అంతకంటే ముందు నుంచి ఉంది. కారణం మందు కాదు. ఇండ్లు పెద్దగైనయి, ఒక గదిలో పడుకునే మంది తగ్గిండ్రు, తిండి మెరుగైంది. 1927లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఈ జబ్బుకు, జనం బతుకు తీరుకు మధ్య సంబంధం మీద ఒక నివేదికే వేసింది. లండన్‌లో ఇది పేద బస్తీల పిల్లల జబ్బుగ పేరుపడ్డది. వేడి, చలి కాదు లెక్క. ఇరుకు లెక్క.

అందుకే ఇవ్వాళ్ల ఇది ఎక్కడ మిగిలిందో చూడండి. ఆస్ట్రేలియా ధనిక దేశం. అక్కడి తెల్లవాళ్లలో ఈ జబ్బు దాదాపు లేదు. కానీ ఆ నేల అసలు వారసులైన ఆదివాసీ పిల్లల్లో ప్రపంచంలోనే ఎక్కువగ కనబడేవాటిలో ఒకటి. చిన్న ఇండ్లల్లో ఎక్కువమంది, ఆస్పత్రికి దూరం. అక్కడి ఉత్తర ప్రాంతంలో 1997లో ఒక రిజిస్టర్ మొదలుపెట్టిండ్రు. జబ్బు వచ్చిన ప్రతి ఒక్కరి పేరు అందులో ఉంటది, ఎవరికి ఏ రోజు సూది పడాలె, పడ్డదా లేదా అని చూస్తరు. న్యూజిలాండ్‌లో మావోరీ, పసిఫిక్ ద్వీపాల పిల్లల కోసం 2011 నుంచి బడుల్లోనే గొంతు పరీక్షలు పెట్టిండ్రు. ఇరుకు ఇండ్లను బాగుచేసే పని కూడా దానికి జోడించిండ్రు. ప్రపంచంలో 4 కోట్లమందికి పైగా ఈ గుండె జబ్బుతో బతుకుతున్నరు. 2018 మేలో ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద ప్రత్యేకంగ తీర్మానం చేసింది.

ఆ ఆదివాసీ పిల్లలు మన ముఖం ఎరుగరు, మనం వాళ్ల ముఖం ఎరుగం. జబ్బు మాత్రం ఇద్దరినీ ఒకే తీరు పట్టింది. రక్తం వల్ల కాదు, జాతి వల్ల కాదు. ఇరుకు వల్ల, దూరం వల్ల.

వాల్వు దాకా పోయిన చేతులు

ముడుచుకపోయిన వాల్వును తెరవడం ఇంకో కథ. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ అనే సర్జన్ ఒక యువతి గుండెలోకి వేలు పెట్టి వాల్వును వెడల్పు చేసిండు. ఆమె బతికింది. అయినా ఇంకో రోగిని ఆయన దగ్గరికి ఏ డాక్టరూ పంపలేదు. జబ్బు గుండె కండదే, వాల్వును తెరిస్తే ఏం లాభం అని పెద్ద డాక్టర్లు నమ్మిండ్రు. ఆ నమ్మకం వల్ల ఇరవై ఏండ్లకు పైగా పోయినయి. 1948లో అమెరికాలో ఛార్ల్స్ బెయిలీ, డ్వైట్ హార్కెన్ మళ్లీ మొదలుపెట్టి గెలిచిండ్రు. మన దక్షిణాదిలో వేలూరు సీఎంసీలో రీవ్ బెట్స్ 1949లో ఛాతీ ఆపరేషన్ల విభాగం పెట్టిండు. 1950లలో మన దేశంలో కూడా ఈ ఆపరేషన్లు నడిచినయి. 1960లో పూర్తిగ పాడైన వాల్వు తీసి కృత్రిమ వాల్వు పెట్టుడు అమెరికాలో మొదలైంది. బయటి వాల్వు ధర మనోళ్లకు అందేది కాదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం ఏండ్ల తరబడి పనిచేసి మన దేశపు వాల్వు తయారుచేసింది. 1990లో దాన్ని మొదటిసారి ఒక రోగికి పెట్టిండ్రు.

1984లో జపాన్ సర్జన్ కాంజి ఇనోవె ఇంకో దారి చూపించిండు. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్న గొట్టం పంపి, గుండెలో బెలూన్ ఉబ్బించి వాల్వు తెరుస్తరు. ఛాతీ కోయరు. మా అక్కకు చేసింది ఇదే. కడుపులో బిడ్డ ఉండంగనే చేసిండ్రు. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం ఎక్కువైతది, ఇరుకు వాల్వు దాన్ని తట్టుకోలేదు, అందుకే ఎంతోమంది ఆడపిల్లలకు ఈ జబ్బు మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడే బయటపడ్తదని డాక్టరమ్మ చెప్పింది. వాల్వు ఆపరేషన్లు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఉన్నయి కాబట్టి మా బాపు ఎడ్లు అమ్ముకోలేదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. వాల్వు దాకా పోయినంక లక్షల రూపాయల ఆపరేషన్. గొంతు దగ్గర ఆపితే తక్కువ ధర సూది ఒక్కటి. ఈ రెంటికీ మధ్య ఉన్నది పదేండ్ల కాలం, ఆ పదేండ్లల్లో మనల్ని ఎవరూ అడగని ఒక్క ప్రశ్న.

ఇరవై ఒక్క రోజుల సూది

ఒకసారి ఈ జ్వరం వచ్చినోళ్లకు మళ్లీ రాకుండ ఆపుడే అసలు పని. దానికోసం 1950ల మొదట్లో అమెరికాలో జీన్ స్టోలర్‌మన్ అనే డాక్టర్ బెంజథీన్ పెన్సిలిన్ వాడిండు. ఇది కండలో ముద్దలెక్క ఉండి వారాల తరబడి కొద్ది కొద్దిగ కరుగుతది. మన దగ్గర పెనిడ్యూర్ సూది అంటరు. పెద్దలకు 12 లక్షల యూనిట్లు, మూడు వారాలకు ఒకసారి. గుండెకు దెబ్బ తగలనోళ్లకు అయిదేండ్లు లేదా పద్దెనిమిది ఏండ్ల వయసు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. గుండె కొద్దిగ దెబ్బతిన్నోళ్లకు పదేండ్లు లేదా ఇరవై అయిదు ఏండ్ల దాకా. బాగా పాడైతే ఇంకా ఎక్కువ, కొందరికి బతికినన్నాళ్లు. ఎంతకాలం అనేది డాక్టరే చెప్పాలె, మనంతట మనం ఆపొద్దు.

మన దేశంలో పెన్సిలిన్ తయారీకి 1954లో పుణె దగ్గర పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ అనే ప్రభుత్వ కర్మాగారం పెట్టిండ్రు. తర్వాత తర్వాత చైనా నుంచి చవక సరుకు వచ్చి మన దగ్గర పెన్సిలిన్ ముడిసరుకు తయారీ ఆగిపోయింది. మళ్లీ 2024లో కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి తయారుచేసే పెద్ద కర్మాగారం మొదలైంది. ఇట్ల ఒక చవక మందు చరిత్రలో కూడా మన బతుకులు ముడిపడి ఉంటయి.

కష్టం ఏందంటే ఈ సూది అంటే చాలాచోట్ల వేసేవాళ్లకే భయం. పెన్సిలిన్ పడక రియాక్షన్ వస్తదని. పెద్ద రియాక్షన్ చాలా అరుదు, వస్తే చూసుకునే మందులు దగ్గర పెట్టుకునే వెయ్యాలె, అది నిజం. కానీ ఆ భయంతో సూదే వెయ్యకుండ తిప్పి పంపితే గుండెకు నష్టం ఖాయం. మా అక్క మొదటి ఏడాది ఒక్కో సూదికి ఒక్కో చోటుకు తిరిగింది. రానుపోను బస్సు కిరాయి, ఒకరోజు కూలి, నొప్పి. అయినా తప్పలేదు. ఇప్పుడు గోడ మీది క్యాలెండర్‌లో మా మేనకోడలే తేదీ చుట్టూ గుండ్రం గీస్తది.

మన దగ్గర ఏం చెయ్యొచ్చు

మన చదువు చరిత్రే హాస్టల్ చరిత్ర. 1943లో ఆదిలాబాద్ జిల్లా మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు పిల్లలకు, పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టించినప్పటి నుంచి, తర్వాత ఆశ్రమ పాఠశాలలు, ఎస్టీ హాస్టళ్లు, గురుకులాలు. ఒక కప్పు కింద పడుకోకపోతే మనలో చాలామంది పదో తరగతి కూడా దాటకపోయేటోళ్లం. హాస్టల్ వద్దని నేను అంటలేను. హాస్టల్‌లో మంచాల మధ్య జాగ కావాలె అంటున్న. కిటికీ తెరిచి ఉండాలె అంటున్న. వారెన్ బ్యారక్‌లో కొలిచిన ఆ దూరం మన సంక్షేమ అధికారులకు కూడా తెలవాలె. వార్డెన్‌కు, ఐటీడీఏకు అర్జీ పెట్టేటప్పుడు "పిల్లలు ఇరుకుగ ఉన్నరు" అని మాత్రమే రాయకండి. "ఇరుకు వల్ల గుండె జబ్బు వస్తది" అని రాయండి.

గొంతు నొప్పి అన్నీ ప్రమాదం కాదు. ఎక్కువ భాగం జలుబుతో వచ్చేవే, వాటంతటవే పోతయి. ముక్కు కారకుండ, దగ్గు లేకుండ, ఉన్నట్టుండి గొంతు నొప్పి, గట్టి జ్వరం, మింగలేకపోవుడు, టాన్సిల్స్ మీద తెల్ల మచ్చలు, మెడ కింద నొప్పి గడ్డలు ఉంటే పీహెచ్‌సీకి తీసుకపోవాలె. డాక్టర్ సూది వేస్తే ఒక్కటి చాలు. గోళీలు ఇస్తే పది రోజులు పూర్తిగ వాడాలె. రెండు రోజులకు నొప్పి తగ్గిందని మిగిలినవి దోస్తుకు ఇచ్చుడు బందు చెయ్యాలె.

గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఒక కీలు తర్వాత ఇంకో కీలు వాస్తే, పిల్లల చేతులు కాళ్లు వాటంతటవే ఆడుతుంటే, ఆయాసం వస్తే, పసరు కట్టండి, తప్పు లేదు, కానీ గుండె కూడా చూపియ్యండి. స్టెతస్కోపు పెట్టి, అవసరమైతే ఎకో తీస్తరు. ఏఎస్‌ఓ అనే రక్త పరీక్ష ఒక్కటి ఎక్కువొచ్చిందని జబ్బు ఖాయం చేసుకోవద్దు. అది గొంతుకు క్రిమి వచ్చిపోయిందనే చెప్తది, గుండె సంగతి చెప్పదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల పట్టికలో ఈ గుండె జబ్బు కూడా ఉంది. అంటే బడికి వచ్చే డాక్టర్ల బృందం ప్రతి పిల్లవాడి గుండె వినాలె. ఈసారి మీ హాస్టల్‌కు వచ్చినప్పుడు బరువు, ఎత్తు రాసుకుని పోతుంటే ఆపి అడగండి: "సార్, మా పిల్లల గుండె విన్నరా?" అది అడిగే హక్కు మనకు ఉంది.

ఇంకొకటి ఈ గ్రూపు చెయ్యగలిగేది. మన తండాలలో, గూడాలలో ఈ సూది తీసుకుంటున్నోళ్లు ఎవరున్నరో మనకే తెలుసు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం రిజిస్టర్ పెట్టింది. మనం ఒక్కొక్కరం మన ఊర్ల ఒక్క మనిషికి ఇరవై ఒక్క రోజులకోసారి ఫోన్ చేసి యాది చేద్దాం. తోడు లేకపోతే మనమే బండి మీద తీసుకపోదాం. వాళ్ల పేర్లు గ్రూపులో పెట్టకండి, ముఖ్యంగ పెండ్లికాని ఆడపిల్లలవి. జబ్బు కంటే ముందు జనం మాటలు గుండెకు తగులుతయి.

అక్క బాగుంది. మొన్న చలికాలం ఊరికి పోయినప్పుడు మేనకోడలికి గొంతు నొప్పి, జ్వరం. మా నాయనమ్మ, అదే నాయనమ్మ, మిరియాల కషాయం పొయ్యి మీద పెట్టి నాకు చెప్పింది: "కషాయం నేను తాగిపిస్త. నువ్వు బండి తియ్యి, దవాఖానకు పో."